ఓడినా నవ్వే రైవల్: మా పతంగుల ఆటలో మంజుని తిరగరాసిన కథ

"అక్కా, ఈ పిల్లకి వేరే పనేం లేదా?"

మా ఆట ఆడుతూ మా పిన్ని కొడుకు అడిగిన మాట ఇది. పదో తరగతి చదువుతున్నాడు. అప్పటికి గంటన్నర నుంచి ఆడుతున్నాడు, మంజు తెర మీదికి రావడం అది నాలుగోసారి. విసుక్కుంటూ అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మంజుని రాసింది నేను. ఆ పిల్ల నోట్లోంచి వచ్చే ప్రతి మాటా నేను రాసిందే. అయినా ఆమెకి ఏం కావాలో నాకే తెలియదని ఆ పూట అర్థమైంది.

మాది హైదరాబాద్‌లో నలుగురం కలిసి చేస్తున్న చిన్న ఆట. టర్న్ బేస్డ్ ఆర్‌పీజీ, అంటే కథలో ఒక పాత్రగా మారి వంతులవారీగా ఆడే వీడియో గేమ్. కత్తులు, మంత్రాలు ఉండవు. సంక్రాంతి ముందు రోజుల్లో పాతబస్తీ మేడల మీద పతంగులు ఎగరేసే పిల్లల కథ. ప్రతి పోరూ ఒక పేంచ్, అంటే గాల్లో దారాలు మెలేసి ఎదుటివాళ్ల పతంగిని కోసే పోటీ. మీ వంతు వచ్చినప్పుడు దారం లాగాలా, వదలాలా, గాలి మారేదాకా ఆగాలా, కింది నుంచి వచ్చి కోయాలా అన్నది మీరు తేల్చుకోవాలి. కథ నడిచేకొద్దీ కొత్త పట్లు నేర్చుకుంటారు. ఎవరి పతంగి తెగినా చుట్టుపక్కల మేడలన్నీ "అఫా!" అని అరుస్తాయి. ఆ అరుపు కోసమే ఈ ఆట మొదలుపెట్టామని చెప్పినా తప్పు కాదు.

ఈ కథలో రైవల్, అంటే ఆట పొడుగునా మనతో పోటీపడే పాత్ర, మంజు. మాంజాతో ప్రాస కుదిరిందని పెట్టిన పేరు. పక్క గల్లీ పిల్ల. ఎర్ర పతంగి తప్ప ఇంకోటి ఎగరెయ్యదు. ఎప్పుడూ నవ్వుతూ ఉండాలని మొదటి రోజే అనుకున్నాం. పండగ ఆటలో మూతి ముడుచుకుని తిరిగే రైవల్ మాకు వద్దు.

మొదటి వెర్షన్‌లో ఆమె తొమ్మిదిసార్లు ఎదురొచ్చేది. గల్లీ మలుపులో దారికి అడ్డంగా నిలబడి "పద, ఇంకో పేంచ్!" అనేది. ఓడిపోగానే "అబ్బ, నువ్వు సూపర్! నేను కూడా బాగా కష్టపడతా!" అని వెళ్లిపోయేది. తొమ్మిదిసార్లూ కాస్త అటూ ఇటూగా ఇవే మాటలు. ప్లేటెస్ట్‌కి, అంటే తయారవుతున్న ఆటని ఆడి చూడటానికి, కూర్చున్నవాళ్లు మూడోసారికే డైలాగ్ చదవకుండా బటన్ నొక్కేసేవారు. అలా నొక్కే వేళ్లను పక్కన కూర్చుని చూడటం రాసినవాళ్లకి ఎంత కష్టంగా ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు.

పోటీదారు అని పేరు పెట్టి నేను రాసింది ఒక ప్రేక్షకురాలిని. మనం గెలిస్తే చప్పట్లు కొడుతుంది, మనం వెళ్లిపోతే ఆమె కూడా ఉండదు.

మొదట చేసిన రెండు తప్పు రిపేర్లు

ముందుగా అందరికీ తోచేదే మాకూ తోచింది. మంజుని కొంచెం పొగరుబోతుని చేద్దాం అనుకున్నాం. దానికి ముందు నుంచీ దారి ఉంది. 1996లో జపాన్‌లో వచ్చిన పోకెమాన్ రెడ్, గ్రీన్ ఆటల్లో ప్రొఫెసర్ ఓక్ మనవడు అలాంటివాడే. పోకెమాన్ అంటే ఆ ఆటల్లో పోటీకి దింపే వింత జీవులు. మనం ఏ పోకెమాన్‌ని తీసుకున్నా దాన్ని ఓడించే రకాన్ని తను తీసుకుంటాడు. మనం అలసిపోయి ఉన్నప్పుడే ఎదురొస్తాడు, ఎగతాళి చేస్తాడు. చివరికి మనకంటే ముందే ఛాంపియన్ అయి అక్కడ నిలబడి ఉంటాడు. వాణ్ని ఓడించాలన్న కసే ఆటని ముందుకు లాగుతుంది. లెక్కగా చూస్తే చాలా గట్టి పాత్ర.

మంజుని అలా రాసి చూశాం. పాత్ర గుర్తుండిపోయింది, ఆట మాత్రం చెడింది. తెగిన పతంగి కోసం మేడల మీద పరుగెత్తే పిల్లల మధ్య ఆ ఎత్తిపొడుపు మాటలు పండగ ఇంట్లో గొడవలా వినిపించాయి. వారం తిరక్కుండానే తీసేశాం.

రెండో ఆలోచన ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే వినగానే బాగున్నట్టు అనిపిస్తుంది. "ఆమె నవ్వు వెనక ఒక బాధ పెడదాం. ఇంట్లో ఏదో కష్టం. చివర్లో తెలుస్తుంది." మా నలుగురిలో ముగ్గురు సరే అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. సరదాగా ఉండే మనిషి లోపల తప్పకుండా ఏడుస్తూనే ఉండాలని ఎవరు చెప్పారు? మా బామ్మ ఎనభై దాటాక కూడా అష్టాచెమ్మా ఆడి ఓడిపోతే పకపకా నవ్వేది. ఆ నవ్వు వెనక దాచిన దుఃఖమేమీ లేదు. ఆమెకి ఆట ఇష్టం, అంతే. నవ్వుని ముసుగుగా చూపిస్తే, ఆ ముసుగు తీసేదాకా చూసిందంతా అబద్ధమని మనమే ఆటగాడికి చెప్పినట్టవుతుంది.

ఆ రెండూ వదిలేసి, సరదా రైవల్స్ ఉన్న ఆటల్ని మళ్లీ మొదటి నుంచి ఆడాను. ఈసారి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని.

హాప్ దగ్గర ఆగిపోయాను

పోకెమాన్ స్వోర్డ్, షీల్డ్ 2019 నవంబర్‌లో వచ్చాయి. అందులో హాప్ మన పక్కింటి అబ్బాయి. గాలార్ ప్రాంతపు ఛాంపియన్ లియోన్‌కి సొంత తమ్ముడు. అన్నలా ఛాంపియన్ కావాలన్నది అతని కల. ఉత్సాహానికి తక్కువేమీ లేదు. కానీ చాలామంది ఆటగాళ్లకి హాప్ అంటే విసుగు, మొదటి సగంలో నాకూ అలాగే ఉంది. ఎందుకో కాగితం మీద రాసుకుంటే తెలిసింది. లియోన్ తెచ్చిన మూడు పోకెమాన్‌లలో ముందు మనం ఒకటి తీసుకుంటాం. హాప్ తీసుకునేది మనదాని ముందు నిలవలేని రకం. మిగిలిన బలమైనది లియోన్‌కి వెళ్తుంది. అంటే ఇతను మన చేతిలో ఓడిపోయేవాడేనని మొదటి పది నిమిషాల్లోనే ఆట చెప్పేసింది. ఆ తర్వాత మాటిమాటికీ ఆపుతాడు, చాలాసార్లు పోటీకి ముందు మన జట్టుకి వైద్యం కూడా చేస్తాడు. నష్టపోయేదేమీ లేని పోటీ అది. అలాంటి చోట ఎంత ఉత్సాహంగా మాట్లాడినా ఆ మాటకి బరువుండదు.

హౌ కథ కూడా దాదాపు ఇంతే. 2016 నాటి పోకెమాన్ సన్, మూన్ ఆటల్లో మలసాదాలు (నూనెలో వేయించిన తీపి బన్నులు) తినడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే కుర్రాడు. అతనూ మొదట బలహీనమైన రకాన్నే తీసుకుంటాడు. మనసుకి హాయిగా ఉంటాడు గానీ పోటీ అనిపించదు.

కానీ హాప్ కథ సగం దాటాక మారుతుంది. బీడ్ అనే ఇంకో పోటీదారు చేతిలో హాప్ ఓడిపోతాడు. నీ బలహీనతతో మీ అన్న పేరు చెడగొడుతున్నావని బీడ్ అంటాడు. ఆ మాట హాప్‌కి లోపల గుచ్చుకుంటుంది. అది మాటల్లో తెలిసేది కొంతే, మిగతాదంతా అతని జట్టులో కనపడుతుంది. మొదటి నుంచీ తనతో ఉన్న గొర్రెలాంటి వూలూ తర్వాతి పోటీల్లో ఉండదు. జట్టులోకి కొత్తవి వస్తాయి, మళ్లీ మారిపోతాయి. మనసు కుదురు తప్పిన పిల్లాడు దొరికిందల్లా పట్టుకుంటున్నాడని పోరు మధ్యలోనే మనకి తెలుస్తుంది. ఛాంపియన్ కప్ సెమీఫైనల్స్‌లో ఎదురొచ్చినప్పుడు అదే వూలూ డబ్‌వూల్‌గా ఎదిగి ముందు వరసలో నిలబడుతుంది. నాకు కళ్లు చెమర్చిన చోటు అది. ఆ సమయంలో హాప్ ఒక్క మాట కూడా మాట్లాడకపోయినా సరిపోయేది.

కాగితం మీద పెద్దక్షరాలతో రాసుకున్నాను: రైవల్ జట్టే రైవల్ డైలాగ్.

హాప్ కథలో ఇంకో మంచి సంగతి, అతను ఛాంపియన్ కాడు. ప్రధాన కథ అయ్యాక ప్రొఫెసర్ కావాలని నిర్ణయించుకుని, ప్రొఫెసర్ సోనియా దగ్గర సహాయకుడిగా చేరతాడు. అన్న కలని పక్కన పెట్టి తనదంటూ ఒకటి వెతుక్కున్నాడు. ఆ ఉత్సాహం మొదట్లో అన్న నుంచి అరువు తెచ్చుకున్నది, చివరికి తన సొంతమైంది. ఇది బాగా రాశారు. అక్కడిదాకా ఓపిక పట్టేవాళ్లు తక్కువ కావడమే బాధ.

నెమోనా: అదే ఎత్తు, వేరే అర్థం

2022 నవంబర్‌లో పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ వచ్చాయి. స్పెయిన్ పోలికలున్న పాల్డియా ప్రాంతం, అక్కడొక పెద్ద అకాడమీ. దాని విద్యార్థి సంఘం అధ్యక్షురాలు నెమోనా. మన పక్కింట్లోనే ఉంటుంది. పోకెమాన్ పోటీ అన్న మాట చెవిన పడితే చాలు, కళ్లు మెరుస్తాయి. ఆమె కూడా మొదట మనదాని ముందు బలహీనపడే రకాన్నే ఎంచుకుంటుంది. సరిగ్గా హాప్ చేసినట్టే.

అయినా ఫలితం అలా లేదు. కారణం చిన్న మాటలో ఉంది: ఆట మొదలయ్యే నాటికే నెమోనా ఛాంపియన్ ర్యాంక్ సంపాదించింది. తనకి సరిజోడు ఎవరూ దొరకడం లేదు. అందుకే కొత్త జట్టుని మొదటి మెట్టు నుంచి మనతో పాటే పెంచుకుంటూ వస్తుంది. హాప్ బలహీనమైన పోకెమాన్‌ని తీసుకుంటే అది అతని స్థాయి అనిపించింది. నెమోనా అదే పని చేస్తే మనకి దారి ఇస్తోంది అనిపిస్తుంది. సిస్టమ్‌లో ఒక్క ముక్క కూడా మారలేదు. ఆ పాత్రకి ఏం కావాలో మారింది, దాంతో అర్థం తలకిందులైంది.

మనం గెలిచిన ప్రతిసారీ ఆమె ఎందుకంత సంబరపడుతుందో ఇప్పుడు తెలుస్తుంది. మన గెలుపు ఆమెకి లాభం. తనతో సమంగా నిలబడే మనిషి ఒక మెట్టు దగ్గరయ్యారు. ఆమె మన మీద జాలిపడటం లేదు, మనల్ని మెచ్చుకుని సరిపెట్టుకోవడమూ లేదు. ఆకలితో ఉంది. వంట అవుతుంటే పొయ్యి చుట్టూ తిరిగే పిల్లల ముఖంలో ఉండే సంతోషం అది.

ఆ సంతోషం ఉత్త మాట కాదని ఆటలోని అంకెలు కూడా చెబుతాయి. టాప్ ఛాంపియన్ గీటా జట్టులో అన్నిటికంటే పైనున్నది 62వ లెవెల్. ఆమెని దాటాక మెసగోజా నగరంలో నెమోనా చివరి పోటీకి పిలుస్తుంది. అప్పుడు ఆమె జట్టు 65, 66 లెవెల్స్‌లో ఉంటుంది. ఆ దారికి అసలు శిఖరం సింహాసనం మీద కూర్చున్నవాళ్లు కాదు, మొదటి రోజు మన ఇంటి దగ్గరి బీచ్‌లో పోటీ పడిన స్నేహితురాలు. ఇన్నాళ్లూ ఆగిన మనిషి చివరికి ఆగకుండా ఆడుతుంది. మన మీద నమ్మకం ఉందని చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

నెమోనా విషయంలో నాకు అసంతృప్తి లేకపోలేదు. మొదటి గంటలో పాఠాలన్నీ ఆమె నోటితోనే చెప్పించారు, దాంతో మనల్ని అదే పనిగా ఆపుతున్నట్టుంటుంది. జోడు దొరకని ఒంటరితనం గురించి చెప్పే మాటలు చాలా తక్కువ. ఇంకొంచెం చోటు ఇచ్చి ఉండాల్సింది.

పాపిరస్ మర్యాద

2015లో వచ్చిన అండర్‌టేల్ ఆటలో పాపిరస్ అనే అస్థిపంజరం ఉంది. మనిషిని పట్టుకుని రాజుగారి రక్షక దళంలో చేరాలన్నది అతని ఆశ. పజిల్స్ పెడతాడు, గొప్పలు చెప్పుకుంటాడు, స్పగెట్టి వండుతాడు. ఇదంతా మాటల్లోని సరదా. నా దృష్టి ఆగింది పోరు దగ్గర. అతని చేతిలో ఓడిపోతే మనం చనిపోం. మన ప్రాణం ఒక్క పాయింట్‌కి రాగానే ఆపేసి షెడ్డులో పెడతాడు. బయటికి రావడం చాలా తేలిక. మూడుసార్లు ఓడితే, ఇక పోరు లేకుండానే వెళ్లిపోయే వీలు కూడా ఇస్తాడు. మంచివాడని ఎవరూ చెప్పనక్కర్లేదు, నియమాలే చెబుతున్నాయి. అందర్నీ చంపుకుంటూ వచ్చే దారిలో మనం వెళ్లినా అతను చేతులు చాచి నిలబడతాడు, మనం మంచిగా మారగలమని నమ్ముతాడు. అప్పటిదాకా చూసిన మర్యాద వల్లే ఆ నమ్మకం మనకి భరించలేనంత బరువుగా తగులుతుంది.

1992 నాటి ఫైనల్ ఫాంటసీ 5లో గిల్గమెష్ గురించి ఒక మాట. పోరు మధ్యలో సాకులు చెప్పి పారిపోయే నవ్వుల పాత్ర. చివరికి మనల్ని కాపాడటానికి తన ప్రాణం ఇస్తాడు. అతని పోరుకి నోబువో ఉఎమత్సు ఇచ్చిన సంగీతం వింటే అర్థమవుతుంది, నవ్వించే పాత్రని వాళ్లు ఎంత సీరియస్‌గా తీసుకున్నారో. మంజుకి కూడా మా ఆటలోకెల్లా మంచి ట్యూన్ ఇవ్వాలని అప్పుడే అనుకున్నాను. డప్పు మీద నడిచే బాణీ అది, ఇప్పుడు మా అందరి ఫోన్లలో ఉంది.

మంజుకి ఏం కావాలి

ఇదంతా రాసుకున్నాక మళ్లీ మా వాడి ప్రశ్న దగ్గరికి వచ్చాను. ఈ పిల్లకి వేరే పనేం లేదా? ఉంది. మంజు పని నేర్చుకోవడం. పేంచ్‌లో తనకి తెలియని పట్టు ఎవరి చేతిలోనైనా కనపడితే అది తనకి కావాలి. ఓడినప్పుడు నవ్వేది అందుకే: కొత్తది దొరికింది.

దీన్ని డైలాగ్‌లో చెప్పి వదిలేస్తే మళ్లీ మొదటికొచ్చేవాళ్లం. సిస్టమ్‌లోకి తెచ్చాం. మీరు ఏ పట్టుతో మంజు పతంగిని కోస్తారో, తర్వాతి పేంచ్‌లో ఆ పట్టు మంజు దగ్గర ఉంటుంది. మీ గెలుపు నిజంగానే ఆమె చేతిలోకి వెళ్తుంది.

మాటలు కూడా మారాయి. ఓడిపోగానే ఆమె ఇప్పుడు పొగడదు. "ఆగాగు. చివర్ల దారం వదిలినవ్ గదా? ఎప్పుడు వదిలినవ్, నేను లాగినంకనా, లాగక ముందా? వద్దు వద్దు, చెప్పకు. నేనే కనుక్కుంటా." ఇంతే. ఇందులో సూపర్ అన్న మాట లేదు, కానీ ఆటగాడు చేసిన పనిని ఎవరో కళ్లప్పగించి చూశారని ఉంది. పొగడ్త వినీ వినీ చెవులు మొద్దుబారతాయి. గమనించినవాళ్లని మాత్రం ఎవరం మర్చిపోం.

ఓడినా నష్టం లేని పద్ధతి పాపిరస్ నుంచి తెచ్చుకున్నాం. మంజు మన పతంగిని కోస్తే ఆట అయిపోదు. గెలిచిన ఊపులో మేడ గోడ మీద కూర్చుని ఎలా కోసిందో వివరంగా చూపిస్తుంది, ఆ పట్టు మనకి వస్తుంది. అంటే ఇద్దరి మధ్యా ఇచ్చిపుచ్చుకోవడమే. రాసేటప్పుడు నాకు అన్నిటికంటే ఆనందం ఇచ్చిన సీన్లు ఇవే.

ఎదురొచ్చే సార్లు తొమ్మిది నుంచి అయిదుకి తగ్గించాం. దారికి అడ్డంగా నిలబడటం పూర్తిగా మానేసింది. ఇప్పుడు మీరు గల్లీలో నడుస్తుంటే కరెంటు తీగల పైన దూరంగా ఒక ఎర్ర పతంగి కనపడుతుంది. వెళ్లాలంటే మెట్లెక్కి వెళ్లండి, లేకపోతే మీ పని మీరు చూసుకోండి. ఈ మార్పు కోసం ఆకాశంలో పతంగి ఏ వీధిలోంచి చూసినా సరైన చోట కనపడేలా మా ప్రోగ్రామర్ చాలా రాత్రులు కూర్చోవాల్సి వచ్చింది. ఆ కష్టం మొత్తం పాత్రకే చెందింది. పిలిస్తే విసుక్కున్నవాళ్లు, పిలవకుండానే మెట్లెక్కడం మొదలుపెట్టారు.

తర్వాత ఏమైంది

మా పిన్ని కొడుకుని మళ్లీ కూర్చోబెట్టాం. మంజు సంగతి ఏమీ చెప్పలేదు. రెండో పేంచ్ అయ్యాక వీధిలోకి రాగానే కెమెరా పైకి తిప్పి ఆకాశం వెతకడం మొదలుపెట్టాడు. నాలుగో పేంచ్‌లో మంజు గాలి మారేదాకా ఆగి, ఒక్కసారిగా దారం వదిలి, కింది నుంచి వచ్చి వాడి పతంగిని కోసేసింది. వాడు కుర్చీలోంచి లేచాడు. "అరె! ఇది నాది! నేను చేసింది ఇది!" ముఖం నిండా నవ్వు. ఓడిపోయినందుకు నవ్వుతున్నాడు. మంజు నవ్వు వాడి ముఖం మీదికి వచ్చింది. నేను వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

అన్నీ కుదిరాయని చెప్పను. ఒకే పట్టుతో ఆట మొత్తం నెట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్ల దగ్గర మంజు నేర్చుకునేది ఏమీ ఉండదు, పాత్ర మళ్లీ పల్చబడుతుంది. దానికి "మళ్లీ గదేనా?" అని ఒక మాట పెట్టి, ఆ పట్టుకి విరుగుడు ఆమె చేతికిచ్చాం. కొంత పనిచేసింది. కానీ ఆ చోట మంజు గొంతులో విసుగు వినపడుతోందని నాకు అనుమానం, విసుగు ఆమె స్వభావం కాదు. ఆ మాటని ఇంకా మార్చాలి.

చివరి పేంచ్ ఇంకో చిక్కు. అప్పటికి మీ పట్లన్నీ ఆమె దగ్గరున్నాయి, అందుకే చాలా కష్టంగా ఉంటుంది. అలాగే ఉండాలని నేను పట్టుబట్టాను. ఇన్నిసార్లు నేర్చుకున్న పిల్ల పండగ రోజున తేలిగ్గా ఓడిపోతే ఆ నేర్చుకోవడానికి విలువేముంది? అప్పటిదాకా ఒక్కసారి కూడా వాడని పట్టుతో అక్కడ ఆమెని గెలిస్తే ఏం అనాలన్నది మాత్రం నాకు తేలలేదు. మూడు రకాలుగా రాశాను, మూడూ చెరిపేశాను. ప్రస్తుతానికి మాటల్లేకుండా ఉంచాం. మంజు దారం చుట్టే చరఖా కింద పెట్టి, తెగి దూరంగా కొట్టుకుపోతున్న తన ఎర్ర పతంగిని కాసేపు చూస్తుంది. తర్వాత మన వైపు తిరిగి, ఆ పట్టు ఎలా పట్టామో గాల్లో చేతులతో చేసి చూపించే ప్రయత్నం చేస్తుంది, తప్పుగా. మళ్లీ చేస్తుంది. ఆ చేతుల కదలిక ఇంకా సరిగ్గా రాలేదు, మా యానిమేటర్ ఈ వారం దాని మీదే ఉంది.